మత్తు మానించడంలో దేశానికో దారి: అందులో మన కల్లుకు, గంజాయికి వర్తించేదెంత?

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగిన సంచుల్లో గంజాయి పట్టుబడినప్పుడల్లా, కల్తీ కల్లు తాగినవాళ్లు ఆసుపత్రుల పాలైనప్పుడల్లా మన దగ్గర ఒకే వాదన మొదలవుతుంది. అలవాటు పడినవాళ్లను చైనాలో మాదిరిగా పట్టుకెళ్లి రెండేళ్లు కట్టడిలో ఉంచితే తప్ప దారికి రారని ఒకరంటారు. పోర్చుగల్‌లో కేసులు ఎత్తేశాక చావులు తగ్గాయి కదా, మనమూ అదే చేయాలని ఇంకొకరంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. కానీ ఏ దేశం ఏ మత్తు పదార్థంతో సతమతమై ఆ పద్ధతికి వచ్చిందో చెప్పకుండా పద్ధతి పేరు మాత్రమే ఎత్తితే చర్చ ఎటూ తేలదు. పోర్చుగల్‌ను, స్విట్జర్లాండ్‌ను కుదిపేసింది హెరాయిన్. వరంగల్ నుంచి నిజామాబాద్, ఆదిలాబాద్ దాకా ఇళ్లను గుల్ల చేస్తున్నవి ముఖ్యంగా మద్యం, మత్తుమందు కలిపిన కల్లు, గంజాయి. ఒక్కోదానికి శరీరం అలవాటు పడే తీరు వేరు, మానినప్పుడు ఎదురయ్యే ప్రమాదం వేరు, చట్టం దాన్ని చూసే చూపు వేరు. కాబట్టి ముందు పదార్థం సంగతి తెలుసుకుని, ఆ తర్వాత దేశాల సంగతికి వెళ్లడం మేలు.

అలవాటు, ఆధారపడటం, చికిత్స: ఈ మాటలకు అర్థాలు

దావత్‌లో ఎప్పుడో ఒకసారి తాగడాన్ని వైద్యులు జబ్బుగా లెక్కించరు. ఎంత తాగాలో, ఎప్పుడు ఆపాలో మనిషి చేతిలో లేకుండా పోవడం, అదే మత్తు కోసం రోజురోజుకూ మోతాదు పెరగడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా మానలేకపోవడం, మానితే ఒంట్లో బాధలు మొదలుకావడం వంటి లక్షణాలు కలిసి కనిపించినప్పుడు దాన్ని ‘ఆధారపడటం’ అంటారు. మానినప్పుడు వచ్చే వణుకు, చెమటలు, నిద్రలేమి, వాంతులు, ఫిట్స్ వంటివి ఉపసంహరణ లక్షణాలు. డాక్టర్లు వాటినే విత్‌డ్రాయల్ అంటారు. ఆ బాధలను మందులతో అదుపు చేస్తూ శరీరం నుంచి మత్తును వదిలించే మొదటి దశ డీటాక్స్. సాధారణంగా ఇది కొన్ని రోజులు, కొన్ని పదార్థాలకు కొన్ని వారాలు పడుతుంది. చాలా కుటుంబాలు చికిత్స అంటే ఇంతేననుకుంటాయి. నిజానికి మళ్లీ మొదలుపెట్టే ముప్పు ఎక్కువగా ఉండేది డీటాక్స్ ముగిసిన తర్వాతే. అందుకే కౌన్సెలింగ్, మందులు, ఉపాధి, కుటుంబం తోడ్పాటు కలిసిన దీర్ఘకాలపు దశ అవసరమవుతుంది. దాన్నే పునరావాసం అంటున్నాం.

ఇంకో రెండు జతల మాటలు తరచూ కలగాపులగం అవుతుంటాయి. వాడకాన్ని నేరంగా కాకుండా చిన్న ఉల్లంఘనగా పరిగణించడం నేరరహితం చేయడం. దుకాణంలో అమ్ముకోవడానికి అనుమతివ్వడం చట్టబద్ధం చేయడం. పోర్చుగల్ చేసింది మొదటిది మాత్రమే. అలాగే, పూర్తిగా మానించడం ఒక లక్ష్యమైతే, మానలేని మనిషి ఈలోపు చనిపోకుండా, హెచ్‌ఐవీ వంటి జబ్బుల బారిన పడకుండా చూడటం మరో లక్ష్యం. ఈ రెండోదాన్ని హాని తగ్గింపు అంటారు. దేశాల మధ్య తగవంతా చాలావరకు ఈ రెండు లక్ష్యాలలో దేనికి పెద్దపీట వేయాలన్న దగ్గరే ఉంది.

మానేసిన రెండో రోజు, మూడో రోజు ఏం జరుగుతుంది

హెరాయిన్ వంటి నల్లమందు జాతి పదార్థాలు మానినప్పుడు ఒళ్లంతా నొప్పులు, విరేచనాలు, వణుకు, భరించలేని ఆరాటం ఉంటాయి. మనిషి నరకం చూస్తాడు, కానీ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఆ బాధ వల్లనే ప్రాణం పోవడం అరుదు. అసలు ప్రమాదం తర్వాత పొంచి ఉంటుంది. కొన్ని వారాలు మానేసరికి శరీరానికి తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. అలాంటప్పుడు పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. జైలు నుంచో కేంద్రం నుంచో బయటికి వచ్చిన తొలి వారాల్లో ఎక్కువ మరణాలు సంభవించేది ఇందుకే.

మద్యం తీరు దీనికి తలకిందులు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానితే కొన్ని గంటల్లో చేతులు వణకడం మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు, మూడో రోజు ప్రాంతంలో కొందరికి మతి భ్రమించి, లేనివి కనిపించి, జ్వరం, గుండె దడతో ప్రాణం మీదికి వస్తుంది. వైద్యం అందితే తప్పించగలిగిన చావు ఇది. ఇంట్లోవాళ్లు గదిలో పెట్టి తాళం వేసి ‘మూడు రోజులు ఓర్చుకుంటే తగ్గిపోతుంది’ అనుకోవడం ఎందుకు ప్రమాదకరమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

గంజాయి మానినప్పుడు చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి తగ్గడం ఒకటి రెండు వారాలపాటు ఉంటాయి. ప్రాణాపాయం ఉండదు. కానీ చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లలో కొందరికి అనుమానాలు, భ్రమలతో కూడిన మానసిక రుగ్మతలు వచ్చే ముప్పు ఉంది. హెరాయిన్‌కు బదులు ఇచ్చే మందులున్నట్టుగా గంజాయికి ఆమోదం పొందిన ప్రత్యామ్నాయ మందు ఏదీ లేదు. చికిత్స అంతా మాటలతో, మనసుతో, దినచర్యతో ముడిపడి ఉంటుంది.

కల్లు ఆగిపోయిన సెప్టెంబర్: మన దగ్గరే జరిగిన పాఠం

విదేశాల అనుభవాలను వెతకడానికి ముందు 2015లో తెలంగాణలో జరిగినదాన్ని తిరిగి చూడాలి. చెట్టు మీద నుంచి దించిన ఈత కల్లు, తాటి కల్లు వేరు. కొన్ని కల్లు కంపౌండ్లలో సీసాల్లో పోసి అమ్మే మందు కల్లు వేరు. చెట్లు తక్కువై, గిరాకీ ఎక్కువైన చోట నీళ్లలో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి కల్లుగా అమ్మే దందా దశాబ్దాలుగా నడుస్తోంది. కూలి పని ముగించుకుని సాయంత్రం రెండు సీసాలు తాగే మనిషి తాను కల్లుకు అలవాటు పడ్డాననే అనుకుంటాడు. వాస్తవానికి అతని మెదడు నిద్రమాత్రలకు అలవాటు పడి ఉంటుంది.

2015 సెప్టెంబర్‌లో ఎక్సైజ్ శాఖ కల్తీపై దాడులు ముమ్మరం చేయగానే మత్తుమందు కలిపిన కల్లు ఒక్కసారిగా దొరకకుండా పోయింది. ఆ వెంటనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం వరుస కట్టారు. ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు, తమలో తాము మాట్లాడుకుంటూ గాలిలో ఏదో పట్టుకోబోతున్నవాళ్లు, మంచానికి కట్టి ఉంచాల్సి వచ్చినవాళ్లు వార్డుల్లో కనిపించారు. వారిలో ఆడవాళ్లూ గణనీయంగా ఉన్నారు. ‘కల్లు దొరకక పిచ్చెక్కింది’ అని వార్తలు వచ్చాయి గానీ, వైద్యపరంగా చూస్తే అవి అల్ప్రాజోలం తరగతి మందులు హఠాత్తుగా ఆగినప్పుడు కనిపించే ఉపసంహరణ లక్షణాలే. అల్ప్రాజోలం ప్రభావం త్వరగా దిగిపోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే అవి బయటపడతాయి. దీనికి చేసే చికిత్స ఏమిటంటే, శరీరంలో ఎక్కువసేపు నిలిచే డైజీపామ్ వంటి మందును తగిన మోతాదులో ఇచ్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోవడం.

దాడులు తప్పని ఎవరూ అనలేరు. ప్రజలకు తెలియకుండా మత్తుమందు తాగించడం నేరం, ఆ సరఫరాను ఆపి తీరాలి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయిన తర్వాత ఈ విషయంలో సందేహానికి తావే లేదు. అయితే సరఫరా ఆపే తేదీకి, ఆసుపత్రుల్లో మందులు, పడకలు సిద్ధం చేసే తేదీకి పొంతన కుదిర్చినప్పుడే ఆ పని పూర్తయినట్టు. విదేశాల పద్ధతులన్నిటినీ ఈ ఒక్క కోణం నుంచి చూస్తే చాలా స్పష్టత వస్తుందని నా అభిప్రాయం: పదార్థం అందకుండా చేసిన మర్నాడు ఆ మనిషిని ఎవరు చేరదీస్తున్నారు?

పోర్చుగల్: పోలీసు తర్వాత కోర్టు కాదు, ముగ్గురు సభ్యుల కమిషన్

1990ల చివరికి పోర్చుగల్ జనాభాలో సుమారు ఒక శాతం మంది హెరాయిన్ వాడుతున్నారని అంచనా వేశారు. సూదులు పంచుకోవడం వల్ల హెచ్‌ఐవీ విపరీతంగా పాకింది. ఆ నేపథ్యంలో చేసిన చట్టం 2001 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. పది రోజుల సొంత వాడకానికి సరిపడే పరిమాణం లోపు దొరికితే అది క్రిమినల్ నేరం కాదు. హెరాయిన్‌కైతే ఒక గ్రాము, గంజాయికైతే 25 గ్రాములు హద్దుగా పెట్టారు. అమ్మకం మాత్రం ఇప్పటికీ నేరమే, జైలు శిక్ష తప్పదు.

మన వాదనల్లో ఇక్కడిదాకానే వినిపిస్తుంది. తర్వాతి భాగమే అసలైనది. పోలీసులు పట్టుకున్న పదార్థాన్ని స్వాధీనం చేసుకుని ఆ మనిషిని ‘నిరుత్సాహ కమిషన్’ (వాడకం మానేలా నచ్చజెప్పే సంఘం) ముందుకు పంపుతారు. ప్రతి ప్రాంతానికీ ఒక కమిషన్ ఉంటుంది. న్యాయం, వైద్యం, మనస్తత్వశాస్త్రం, సామాజిక సేవ వంటి రంగాల నుంచి ముగ్గురు సభ్యులు మామూలు బట్టల్లో బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడతారు. నిందితుడి బోను ఉండదు. ఎంతకాలంగా వాడుతున్నావు, పని ఉందా, ఇంట్లో ఎవరున్నారు, మానాలని ఉందా అని అడుగుతారు. అప్పుడప్పుడు వాడేవాడైతే, మొదటిసారి పట్టుబడితే సాధారణంగా హెచ్చరించి కేసును నిలిపి ఉంచుతారు. ఆధారపడి ఉన్నాడని తేలితే చికిత్స వైపు మళ్లిస్తారు. చికిత్సను బలవంతంగా రుద్దరు, ఒప్పుకుంటే మాత్రం చేర్చే చోటు సిద్ధంగా ఉంటుంది. అదే సమయంలో ప్రభుత్వం హెరాయిన్‌కు బదులు ఇచ్చే మెథడోన్ మందును అందించే కేంద్రాలను, వీధుల్లోకి వెళ్లే సంచార వాహనాలను, వాడిన సూదులు తీసుకుని కొత్తవి ఇచ్చే ఏర్పాటును బాగా విస్తరించింది. సూదుల ద్వారా కొత్తగా హెచ్‌ఐవీ సోకినవారి సంఖ్య ఏడాదికి వెయ్యికి పైగా ఉన్న స్థాయి నుంచి కాలక్రమంలో పదుల్లోకి పడిపోయింది.

ఈ ఫలితంలో చట్టం వాటా ఎంత, చికిత్స విస్తరణ వాటా ఎంత అన్నది విడదీయడం కష్టం. కానీ తర్వాతి చరిత్ర ఒక ఆధారం ఇస్తోంది. ఆర్థిక సంక్షోభం వచ్చాక 2012లో ఈ పనినంతా చూసే కేంద్ర సంస్థను రద్దు చేసి చికిత్స బాధ్యతను ప్రాంతీయ ఆరోగ్య యంత్రాంగాలకు పంచారు, నిధులూ తగ్గాయి. చట్టం మారలేదు. అయినా కొన్నేళ్లకు పోర్తో, లిస్బన్ నగరాల్లో బహిరంగ వాడకం పెరిగిందన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. కేసులు ఎత్తేయడం తలుపు తెరవడం లాంటిది. లోపల వైద్యుడు, మందు, పడక లేకపోతే తెరిచిన తలుపు వల్ల వచ్చే లాభం స్వల్పమే.

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం దీన్ని మరింత బాధాకరంగా నేర్చుకుంది. 2020 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన నిర్ణయంతో అక్కడ 2021 ఫిబ్రవరి నుంచి చిన్న పరిమాణాలు నేరం కాకుండా పోయాయి. పట్టుబడితే 100 డాలర్ల జరిమానా; ఒక హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఆరోగ్య పరీక్షకు ఒప్పుకుంటే అదీ రద్దు. ఫోన్ చేసినవాళ్లు చాలా కొద్దిమంది. చికిత్స కేంద్రాలకు ఇవ్వాల్సిన నిధుల విడుదల ఆలస్యమైంది. సరిగ్గా అదే సమయంలో హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన ఫెంటానిల్ ఆ ప్రాంతాన్ని ముంచెత్తింది. మరణాల పెరుగుదలకు చట్టమే కారణమని కొందరు పరిశోధకులు, ఫెంటానిల్ రాకను లెక్కలోకి తీసుకుంటే చట్టానికి సంబంధం కనిపించడం లేదని మరికొందరు తేల్చారు. ప్రజల ఓపిక మాత్రం నశించింది. 2024 సెప్టెంబర్ 1 నుంచి వాడకానికి ఉంచుకోవడం అక్కడ మళ్లీ నేరమైంది. పోర్చుగల్ కమిషన్ ఎదుట మనిషి కూర్చుంటాడు. ఓరెగాన్‌లో అతని చేతిలో ఒక చలానా కాగితం మాత్రమే మిగిలింది. ఈ రెండిటినీ ‘నేరరహితం’ అనే ఒకే పేరుతో పిలవడం వల్లనే పోలికలు తప్పుదారి పడుతున్నాయి.

మత్తుకు మందుగా మరో మత్తా? స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ అనుభవం

ఈ ప్రశ్న మన కుటుంబాల్లో తప్పకుండా వస్తుంది, రావలసిందే. మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ కూడా నల్లమందు జాతి మందులే. తేడా పనిచేసే తీరులో ఉంది. హెరాయిన్ గుప్పున ఎక్కి కొన్ని గంటల్లో దిగిపోతుంది. దిగిన ప్రతిసారీ మనిషి తర్వాతి మోతాదు కోసం అప్పో దొంగతనమో చేస్తూ పరుగెత్తాలి. ఈ మందులు నెమ్మదిగా ఎక్కి, రోజంతా నిలకడగా ఉండి, ఆరాటాన్ని అణచిపెడతాయి. మనిషి పనికి వెళ్లగలడు. 1960ల మధ్యలో న్యూయార్క్‌లో మొదలైన ఈ చికిత్సలోని రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

ఫ్రాన్స్ 1990ల మధ్యలో బ్యూప్రెనార్ఫిన్‌ను మామూలు వీధి డాక్టరు కూడా రాసివ్వవచ్చని అనుమతించింది. 1995 నుంచి 1999 మధ్య అక్కడ అధిక మోతాదు మరణాలు సుమారు 79 శాతం తగ్గాయి. కొన్ని మాత్రలు పక్కదారి పట్టి బయట అమ్ముడుపోయిన మాటా నిజమే. అంత తేలిగ్గా అందుబాటులోకి తెచ్చినందుకు ఆ దేశం మోసిన భారం అది.

స్విట్జర్లాండ్ ఇంకో అడుగు వేసింది. జ్యూరిక్ నడిబొడ్డున ప్లాట్స్‌స్పిట్స్ పార్కులో వందలాది మంది బహిరంగంగా సూదులు పొడుచుకునే పరిస్థితి వచ్చింది. 1992లో పార్కును మూసేస్తే గుంపు పక్కనే ఉన్న పాత రైల్వే స్టేషన్‌కు మళ్లింది. మూత ఒక్కటే చాలదని గ్రహించాక, 1994 నుంచి మెథడోన్ సైతం పనిచేయని కొద్దిమందికి వైద్య కేంద్రంలోనే నర్సు కళ్ల ముందు శుద్ధమైన హెరాయిన్‌ను కొలిచి ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పట్లో రోగి మందును ఇంటికి తీసుకెళ్లడానికి వీలుండేది కాదు. రోజుకు రెండు మూడు సార్లు కేంద్రానికే రావాల్సి ఉండేది. వచ్చిన ప్రతిసారీ వైద్యుడి కంట, సామాజిక కార్యకర్త కంట పడేవాడు. 2008 ప్రజాభిప్రాయ సేకరణలో 68 శాతం ఓటర్లు దీన్ని చట్టంలో పెట్టడానికి ఒప్పుకున్నారు. అదే రోజు గంజాయిని నేరరహితం చేయాలన్న ప్రతిపాదనను మాత్రం తిరస్కరించారు. చికిత్సను సమర్థించడం, వాడకాన్ని సమర్థించడం వేరువేరని ఆ ఓటర్లు తేల్చి చెప్పినట్టయింది.

రష్యాలో మెథడోన్ పూర్తిగా నిషిద్ధం. 2014లో క్రిమియాను కలుపుకున్నాక, అప్పటివరకు అక్కడ ఉక్రెయిన్ ప్రభుత్వం నుంచి ఈ చికిత్స పొందుతున్న సుమారు 800 మందికి మందు ఆగిపోయింది. సరిహద్దు మారితే వైద్యం నేరంగా మారిన సందర్భం అది.

బలవంతపు చికిత్స: స్వీడన్, చైనా ఒకటి కావు

బలవంతం అనగానే ఒకే చిత్రం ఊహించుకోకూడదు. స్వీడన్ మాదకద్రవ్యాలు లేని సమాజమే లక్ష్యమని ప్రకటించుకున్న దేశం. వాడకం 1988 నుంచి నేరం. 1993 నుంచి అనుమానితుడికి మూత్రం, రక్తం పరీక్షలు చేయించే అధికారం పోలీసులకు ఉంది. ప్రాణానికి ముప్పు ఉండి స్వచ్ఛందంగా చికిత్సకు రాని మనిషిని సామాజిక సేవల శాఖ కోర్టు అనుమతితో గరిష్ఠంగా 6 నెలలు నిర్బంధ సంరక్షణలో ఉంచవచ్చు. మద్యానికీ ఇది వర్తిస్తుంది. అడిగేది సామాజిక శాఖ, నిర్ణయించేది కోర్టు, గడువుకు హద్దు ఉంది.

చైనాలో 2008 నాటి చట్టం ప్రకారం నిర్బంధ చికిత్స కేంద్రానికి పంపాలని నిర్ణయించేది పోలీసు యంత్రాంగం. గడువు రెండేళ్లు, మరో ఏడాది పొడిగించవచ్చు. దాని వెనుక మూడేళ్ల దాకా సమాజంలో పర్యవేక్షణ. అదే చైనా 2004 నుంచి మెథడోన్ క్లినిక్‌లనూ పెద్ద ఎత్తున నడిపిందన్న సంగతి మన చర్చల్లో వినిపించదు. నిర్బంధ కేంద్రాలను మూసివేసి స్వచ్ఛంద చికిత్సకు మారాలని 2012 మార్చిలో ఐక్యరాజ్యసమితికి చెందిన 12 సంస్థలు ఉమ్మడిగా కోరాయి. మలేసియా 2010 నుంచే కొన్ని నిర్బంధ కేంద్రాలను స్వచ్ఛంద కేంద్రాలుగా మార్చింది.

బలవంతాన్ని సమర్థించేవాళ్ల వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. కన్నకొడుకు చేతులారా ప్రాణం తీసుకుంటుంటే అతని అంగీకారం కోసం ఎదురుచూడమని తల్లికి చెప్పడం ఎవరి తరం? స్వీడన్ చట్టంలో ఈ ఆవేదన ఉంది. అవతలి పక్షం చెప్పేది అనుభవం మీద ఆధారపడినది: కట్టడిలో మానడం సులువు, బయటికి వచ్చాక నిలవడం కష్టం, తట్టుకునే శక్తి తగ్గిన శరీరంతో బయటికి వస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. అమెరికాలో 1989లో మయామీలో మొదలైన డ్రగ్ కోర్టులు ఈ రెండిటి మధ్య దారి వెతికాయి. జైలుకు బదులు చికిత్స ఎంచుకున్న మనిషి తరచూ జడ్జి ముందుకు రావాలి, మూత్ర పరీక్షలు ఇవ్వాలి. నిలబడితే ప్రశంస, తప్పితే చిన్న శిక్ష, చివరిదాకా నిలిస్తే కేసు మాఫీ. అయితే అక్కడి కొన్ని కోర్టులు మెథడోన్ వాడేవాళ్లను ‘మత్తు మానలేదు’ అంటూ తిరస్కరించడం చాలాకాలం విమర్శలకు గురైంది.

మరణాల అంకెలను ఎలా చదవాలి

స్వీడన్‌లో మాదకద్రవ్యాల మరణాల రేటు పోర్చుగల్ కంటే అనేక రెట్లు ఎక్కువ. ఈ ఒక్క అంకెతో తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. కానీ స్వీడన్ శవపరీక్షల్లో రసాయన పరీక్షలు విస్తృతంగా చేస్తుంది. వెతికినవాడికి ఎక్కువ దొరుకుతాయి. రేటులోని తేడా అంతా దానివల్లే కాదు, కొంత మాత్రం దానివల్లే. అలాగే ‘మా కేంద్రంలో విజయశాతం ఇంత’ అని ప్రకటనలు కనిపించినప్పుడు ఏది విజయం, ఎన్ని నెలల తర్వాత లెక్కించారు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేశారా అని అడగాలి. నూరుమంది చేరి నలభై మంది మధ్యలో వెళ్లిపోయి, మిగిలిన అరవైలో ముప్పై మంది మానితే, దాన్ని యాభై శాతమని చెప్పవచ్చు, ముప్పై శాతమనీ చెప్పవచ్చు. చేరినవాళ్లందరినీ లెక్కించేదే నిజాయితీ గల లెక్క.

మన చట్టంలో ఉన్న తలుపులు

మాదకద్రవ్యాలపై 1985లో చేసిన ఎన్‌డీపీఎస్ చట్టం శిక్షలకు పేరుపడింది కానీ, అందులో చికిత్సకు దారులూ ఉన్నాయి. వాడకానికి సెక్షన్ 27 కింద పదార్థాన్నిబట్టి ఆరు నెలల వరకు లేదా ఏడాది వరకు శిక్ష పడవచ్చు. సెక్షన్ 64ఏ ప్రకారం, వాడకం కేసులోనో చిన్న పరిమాణం కేసులోనో ఉన్న వ్యసనపరుడు తానే ముందుకు వచ్చి గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ లభిస్తుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. సెక్షన్ 39 కింద దోషిగా తేలిన వ్యసనపరుడిని కోర్టు జైలుకు బదులు చికిత్సకు పంపవచ్చు. అంటే పోర్చుగల్ ఆత్మలో కొంత, డ్రగ్ కోర్టు ఆలోచనలో కొంత మన పుస్తకంలో ఇప్పటికే ఉన్నాయి. పట్టుబడిన కుర్రాడికి, అతని తండ్రికి, చాలాసార్లు వాళ్ల వకీలుకు కూడా ఈ సంగతి సమయానికి గుర్తుకు రాకపోవడమే విచారకరం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను తన పరిధిలో చేర్చింది. చికిత్సకు అంగీకారం, కేంద్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గొలుసులతో బంధించడం నిషిద్ధం. నిర్ణయం తీసుకోలేని స్థితిలో ఉన్న మనిషిని నామినేట్ చేసిన ప్రతినిధి దరఖాస్తుపై తొలుత 30 రోజుల వరకు చేర్చుకోవచ్చు. అర్ధరాత్రి వ్యానులో మనుషులను పంపి ఎత్తుకెళ్లే ప్రైవేటు కేంద్రాల పద్ధతికి ఈ చట్టంలో చోటు లేదు.

లోటు పాటించడంలోనూ ఉంది, పరిమాణంలోనూ ఉంది. 2019లో కేంద్ర ప్రభుత్వం వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యంపై ఆధారపడిన 38 మందిలో ఒక్కరే ఏదో ఒక చికిత్స లేదా సాయం పొందారు. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినది 180 మందిలో ఒక్కరు.

ఇద్దరు మనుషులు, ఐదు దేశాలు

లెక్కలు పక్కనపెట్టి ఇద్దరిని ఊహిద్దాం. కాజీపేటలో ఒక డిగ్రీ కుర్రాడి దగ్గర 20 గ్రాముల గంజాయి దొరికింది. మన చట్టంలో గంజాయికి చిన్న పరిమాణం హద్దు ఒక కిలో కాబట్టి ఇది చిన్న కేసే, అయినా కేసే. పాస్‌పోర్టు, ఉద్యోగం విషయంలో వెంటాడవచ్చు. లిస్బన్‌లో అతను కమిషన్ ముందు కూర్చుని హెచ్చరికతో ఇంటికి వెళ్లేవాడు. స్టాక్‌హోమ్‌లో జరిమానా పడి నేర రికార్డులోకి ఎక్కేవాడు, చిన్న వయసువాడైతే సామాజిక శాఖ ఇంటికి వచ్చేది. చైనాలో కొన్ని రోజుల నిర్బంధం, ఆధారపడ్డాడని తేలితే ఏళ్ల పర్యవేక్షణ. ఇతనికి స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ మందుల చికిత్స వల్ల ఒరిగేది ఏమీ లేదు, ఎందుకంటే అతనిది హెరాయిన్ కాదు. ఇతని భవిష్యత్తు మారేది మొదట ఎదురయ్యే అధికారి ఎవరన్న దానిమీద. పోర్చుగల్ నుంచి తెచ్చుకోదగ్గది ఇక్కడ నిజంగా ఉంది.

కామారెడ్డి వైపు ఒక పల్లెలో పదేళ్లుగా రోజూ మందు కల్లు తాగే కూలి మహిళ రెండో మనిషి. అల్ప్రాజోలం ఎన్‌డీపీఎస్ పరిధిలోని మందే, వంద గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణంగా లెక్క. కానీ అందులో అది ఉందని తెలియక తాగిన ఆమె మీద ఎవరూ కేసు పెట్టరు. కాబట్టి పోర్చుగల్ చట్టం ఆమెకు కొత్తగా ఇచ్చేది లేదు. ఆమెకు కావలసింది స్విస్, ఫ్రెంచ్ అనుభవంలోని అసలు సూత్రం: శరీరం అలవాటు పడినదాన్ని ఒక్కసారిగా లాగేయకుండా, వైద్యుడి చేతి మీదుగా, కొలతతో, దగ్గరలోని ఆసుపత్రిలో నెమ్మదిగా తగ్గించడం. పంజాబ్ 2017 నుంచి నల్లమందు జాతి వ్యసనానికి బ్యూప్రెనార్ఫిన్‌ను అవుట్‌పేషెంట్ క్లినిక్‌లలో ఇస్తున్న తీరు ఇందుకు మన దేశంలోనే ఉన్న నమూనా. కూలికి వెళ్తూనే చికిత్స పొందే వీలు అందులో ఉంది. నెల రోజులు కేంద్రంలో చేరితే ఆమెకు నెల కూలి పోతుంది, ఇంట్లో పొయ్యి వెలిగించేవాళ్లు ఉండరు. ఆ కారణంతోనే చేరనివాళ్లు ఎందరో. అయితే తగ్గించడానికి ఇచ్చే డైజీపామ్ కూడా అలవాటయ్యే మందే కనుక, నెలకు సరిపడా మాత్రలు చేతికిచ్చి పంపే పద్ధతి ఇక్కడ పనికిరాదు. వారానికి ఒకసారైనా మనిషిని చూసి, కొద్ది మాత్రలే ఇచ్చే ఏర్పాటు ఉండాలి.

మద్యం సంగతిలో ఇంటింటా జరిగే ఒక పనిని చెప్పకుండా ఉండలేను. తాగేవాడికి తెలియకుండా కూరలోనో చాయ్‌లోనో కలిపే మాత్ర లేదా పొడి కోసం ఆడవాళ్లు మెడికల్ షాపుల చుట్టూ, ప్రకటనల చుట్టూ తిరుగుతుంటారు. అలా ఇచ్చే వాటిలో డైసల్ఫిరామ్ ఒకటి. డెన్మార్క్‌లో 1940ల చివర చికిత్సలోకి వచ్చిన ఈ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ వచ్చి, రక్తపోటు పడిపోతుంది. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూపులో వాడే మనిషికి అది మనసును కట్టడి చేసే ఆసరా. తెలియని మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు తాగాలన్న కోరికను తగ్గించేవి. మన దేశంలోనూ దొరుకుతాయి, మానసిక వైద్యులు రాస్తారు. వరంగల్ ఎంజీఎం వంటి బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి, కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. తాగుడును జబ్బుగా కాక బుద్ధి లేకపోవడంగా చూసినంతకాలం ఆ ఇల్లాలు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడి, పొడి కొనడానికే మొగ్గు చూపుతుంది.